పలుకు చీటీలు

ఉన్న వస్తువు అవసరమైనప్పుడు కనబడకున్న, అది లేనిదానితో సమానమే. ఊరికి బయలుదేరు వేళ తాళముచెవి కానరాక ఇంటిల్లిపాది వెదకుట మీరు చూచియే యుందురు. ఒక్క ఇంటిలోనే ఇట్లుండగా, వేలకొలది పెట్టెలు దిగు రేవు సంగతి వేరుగా చెప్పవలెనా?

1990వ సంవత్సరమున ఇరాకు సేనలు కువైటును ఆక్రమించుకొనెను. వానిని వెడలగొట్టుటకై అమెరికా తన సైన్యమును సౌదీ అరేబియాకు తరలించి, దాదాపు 40,000 ఇనుప పెట్టెలలో సామగ్రిని ఓడలపై పంపెను. పెట్టెలు రేవు చేరినవి. కాని ఏ పెట్టెలో నేమున్నదో తెలియలేదు. సగమునకు మించిన పెట్టెలను విప్పి, లోనున్నది చూచి, మరల మూయవలసి వచ్చెను. కోరిన వస్తువు రాలేదని తలచి దళములవారు దానినే మరల మరల కోరుచుండిరి. అందుచే గుట్టలు ఇంకను పెరిగెను. అక్కడ కొరవడినది సామగ్రి కాదు. సామగ్రిని గూర్చిన ఎరుక.

ఆ ఎరుకను సమకూర్చు సాధనములలో ఒకటి రేడియో గుర్తింపు చీటీ. దీనినే ఆర్.ఎఫ్.ఐ.డి. అని వ్యవహరింతురు. ఇందు గోటికన్న చిన్నదైన ఒక చిప్పును, దానికి అంటియుండు సన్నని లోహపు యాంటెన్నాయు నుండును. సామాన్యమైన చీటీలో బ్యాటరీ ఉండదు. మరి దానికి శక్తి ఎక్కడిది? ద్వారమువద్ద నిలిపిన యంత్రము రేడియో తరంగములను పంపును. యాంటెన్నా వానినుండియే కొంత శక్తిని గ్రహించి చిప్పును మేల్కొల్పును. చిప్పు తన సంఖ్యను ఆ తరంగములపైననే తిప్పి పంపును. ఎండలో అద్దము త్రిప్పుచు దూరమున నున్న మిత్రునకు సంజ్ఞ చేయు బాలుని తలచుకొనుడు. వెలుగు సూర్యునిది, సంజ్ఞ బాలునిది. చీటీ పలుకును అట్టిదే. ప్రతిఫలించిన తరంగములతో వార్త పంపవచ్చునని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే ఒక వ్యాసమున వివరించెను.

అంగడి సరకులపై నుండు నల్లగీతల బార్‌కోడును యంత్రమునకు ఎదురుగా, ఒక్కొక్కటిగా చూపవలెను. రేడియో చీటీ యన్ననో అట్టపెట్టె లోపల నున్నను పలుకును. కొలది క్షణములలో వందలకొలది చీటీలను చదువవచ్చును.

కువైటు యుద్ధము నేర్పిన పాఠముతో అమెరికా సైన్యము తన పెట్టెలకు బ్యాటరీగల రేడియో చీటీలను అమర్చసాగెను. మన దేశమున 2016లో ముంబయి చేరువనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవునందు ఓడపెట్టెలకు ఇట్టి చీటీలు కట్టు ఏర్పాటు మొదలైనది. పిమ్మట విశాఖపట్టణమునకును విస్తరించినది. పెట్టె రేవు ద్వారమును దాటినప్పుడు దాని జాడ నమోదగును. రహదారి సుంకమునకై కారు అద్దమునకు అంటించు ఫాస్టాగ్ కూడ ఈ జాతిదే.

అయినను ఈ చీటీకి హద్దులు కలవు. లోహము తరంగములను త్రిప్పికొట్టును. నీరు వానిని పీల్చుకొనును. కాన రేకు డబ్బాలకును, నీటి సీసాలకును ప్రత్యేకమైన జాగ్రత్త వలయును. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. సామాన్యముగా చీటీ చెప్పునది సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యగల పెట్టెలో మందులున్నవో, బియ్యమున్నదో కంప్యూటరులో వ్రాయించువాడు మనుష్యుడు. అతడు మందులకు మారు బియ్యమని వ్రాసెనా, ప్రతి ద్వారమువద్దను ఆ పొరపాటే పలుకును. వ్యాధిగ్రస్తులు ఎదురుచూచు మందులు బియ్యపు కొట్టులో నిలిచిపోవును.

పెట్టె ఎక్కడ నున్నదో యంత్రము చెప్పగలదు. అందేమున్నదో సరిగా వ్రాయు బాధ్యత మాత్రము మనదే.