నూలు ఏ రకం? 15 శాతం రాయితీ తేలేది అక్కడే!
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేత కుటుంబాలకు

"మెరుస్తోంది కదా సార్, పట్టే అనుకున్నా." నూలు రాయితీ గురించి అడిగేవాళ్ల దగ్గర ఈ మాట తరచూ వింటుంటాం. మెరుపు చూసి కొంటే రాయితీ పోయే ప్రమాదం ఉంది.

కేంద్ర ముడి పదార్థాల సరఫరా పథకాన్ని 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదించారు. దీనికింద జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా తీసుకునే నూలుకు రవాణా సాయం ఉంటుంది, అది ఏ రకానికైనా వర్తిస్తుంది. ధరలో 15 శాతం రాయితీ మాత్రం కొన్నిటికే. చిలప కాటన్ నూలు, దేశవాళీ పట్టు, ఉన్ని, లినెన్, సహజ పోగులు కలిపి వడికిన నూలు. అంతే. మగ్గానికి ఇంత అని పరిమితి కూడా ఉంది. రూ.10,000 నూలు మీద రూ.1,500 అంటే పేద ఇంటికి చిన్న మొత్తం కాదు.

మరి సహజ పోగు అంటే ఏది? చెట్టు నుంచి వచ్చేవి పత్తి, లినెన్, జనపనార. లినెన్ అవిసె కాండం నార. జీవుల నుంచి వచ్చేవి పట్టు, ఉన్ని. పాలిస్టర్, నైలాన్ పెట్రోలియం సరుకులు, వాటిలో అనుమానం లేదు.

చిక్కంతా రేయాన్‌తోనే. దాని ముడిసరుకు కలప గుజ్జే. కానీ గుజ్జును రసాయనాల్లో కరిగించి ఫ్యాక్టరీలో పోగుగా తీస్తారు కాబట్టి అది మనిషి చేసిన పోగు కిందికే వస్తుంది. 'ఆర్ట్ సిల్క్' అన్న పేరులో సిల్క్ ఉన్నా, అది పట్టు కాదు. కాటన్‌లో పాలిస్టర్ కలిసినా 15 శాతం రాదు.

రెండు పోగులు తీసి, ఇంటి బయట, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. కాటన్ కాగితం వాసనతో మండి మెత్తటి బూడిదవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మిగిలిన నల్లటి ఉండ వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చల్లారాకే ముట్టుకోండి. అయితే రేయాన్ కూడా అచ్చం కాటన్‌లాగే కాలుతుంది! అక్కడ నిప్పు పనికిరాదు, లేబుల్, బిల్లు చూడాల్సిందే.

ఆర్డరు ఇచ్చే ముందే బిల్లులో పోగు పేరు, నంబరు, చిలపా కోనా అన్నది రాయించుకోండి. నూలు పాస్‌బుక్, ఫొటో గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది. కాబట్టి రేపల్లె, బాపట్ల వారు బాపట్ల జిల్లా చేనేత జౌళి శాఖ కార్యాలయంలో, తెనాలి వారు గుంటూరు జిల్లా కార్యాలయంలో అడగండి.