ప్రతి చుక్కా బాధ్యతే

2016లో పూర్వపు ఖమ్మం జిల్లా నుండి ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అడవులు, కోయగూడేలు అధికం. వానకాలపు మలేరియా ఈ ప్రాంతానికి చిరకాలపు బెడద. జ్వరం ముదిరి రోగి స్పృహ తప్పినప్పుడు ఆర్టిసునేట్ మందును సిరలోకి ఇస్తారు. సెలైన్‌ను మాత్రం ఆచితూచి ఎక్కించాలి. ద్రవం మితిమీరితే ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయం కలుగుతుంది.

1832లో స్కాట్లాండు వైద్యుడు థామస్ లాటా కలరా రోగుల సిరలలోకి ఉప్పునీరు ఎక్కించి కొందరిని బ్రతికించాడు. అంతటి చికిత్సను నేడు పలువురు బలానికి మందుగా భావిస్తున్నారు. కాని అర లీటరు సాధారణ సెలైన్‌లో ఉన్నది నీరు, 4.5 గ్రాముల ఉప్పు మాత్రమే. నోటితో త్రాగగలిగి, నీరసం మాత్రమే ఉన్నవానికి అది అనవసరం. అడిగినంత మాత్రాన సూది గుచ్చడం ధర్మం కాదు.

నర్సు చేతులు శుభ్రపరచుకొని రోగి పేరు, మందు, మోతాదు, మార్గం, సమయం సరిచూడాలి. అర లీటరు 4 గంటలలో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టంలో నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. సూది చోట వాపు కనిపిస్తే వెంటనే ఆపాలి. కోయభాష మాత్రమే తెలిసిన తల్లికి ఆ భాషలోనే వివరింపజేసి, సమ్మతి పొందాలి. పొరపాటు జరిగితే దాచక వైద్యునికి తెలిపి, నమోదు చేయాలి. దాచిన తప్పుకు మూల్యం చెల్లించేది రోగియే.

అక్షరం రాని రోగి సీసా మీది పేరు చదువలేడు. నర్సును నమ్మి చేయి చాపుతాడు. ఆ నమ్మకాన్ని నిలుపుటయే వృత్తిధర్మం.