అంచున తెరుచుకొనే దారి

ఫుట్‌బాల్ మైదానం వెడల్పు సుమారు 68 మీటర్లు. అయినా ఆట నేర్చుకొనే పిల్లలందరూ బంతి చుట్టూనే గుమిగూడతారు. గోలు ముందర డిఫెండర్లు కిక్కిరిసి ఉంటారు కనుక దారి తరచుగా పక్క గీతల చెంతనే దొరుకుతుంది. అయితే అక్కడికి ఒంటరిగా వెళ్లినవాడు ప్రత్యర్థికీ గీతకూ నడుమ చిక్కుకుంటాడు. గీత కూడా ఒక డిఫెండరే. పైగా అలసట ఎరుగదు!

అందుచేత శిక్షకుడు మొదట ఇద్దరికి ఎదురుగా ఒక డిఫెండరును నిలిపి సాధన చేయిస్తాడు. వింగర్ బంతితో డిఫెండరును తనవైపు ఆకర్షిస్తాడు. వెనుకనున్న ఫుల్‌బ్యాక్ గీత వెంబడి అతనిని దాటి పరుగెత్తుతాడు. డిఫెండర్ ఆ పరుగు వెంట కదిలితే వింగర్ బంతితో లోపలికి చొచ్చుకొనిపోతాడు. కదలకుంటే ఫుల్‌బ్యాక్‌కు బంతి అందిస్తాడు. పాస్ నేర్పడం సులభం. బంతి తనకు రాకపోవచ్చునని తెలిసికూడా పూర్తి వేగంతో పరుగెత్తడం నేర్పడమే కష్టం.

1970 జూన్ 21న మెక్సికో నగరంలో ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. ఇటలీ జట్టు మనిషికొక కాపలా పద్ధతిని పాటించింది. బ్రెజిల్ కుడి వింగర్ జైర్జిన్యో తన చోటు విడిచి ఎడమవైపునకు వెళ్లగా, ఫాకెట్టి అతనిని వెన్నంటాడు. కుడి అంచు ఖాళీ అయింది. 86వ నిమిషంలో జైర్జిన్యో ఇచ్చిన బంతిని పెలే తొందరపడక కుడివైపునకు దొర్లించాడు. వెనుకనుండి దూసుకువచ్చిన ఫుల్‌బ్యాక్, కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో దానిని గోలులోకి కొట్టాడు. బ్రెజిల్ 4-1 తేడాతో గెలిచింది. ఆ దృశ్యం చూసే అవకాశం వస్తే, మొదటిసారి బంతిని విడిచి ఫాకెట్టినే గమనించండి.