పది కుర్చీలు, పదిహేను నిమిషాలు: రామెన్ షాపులో నేర్చుకున్న పాఠం

మన హాస్టల్లో రాత్రి పన్నెండు దాటాక కెటిల్‌లో మ్యాగీ వండుకోని వాళ్లెవరైనా ఉన్నారా? నూడుల్స్ గురించి నాకున్న జ్ఞానం కూడా అంతే. నీళ్లు మరిగాక పడేయడం, కబుర్లలో పడిపోవడం, గుర్తొచ్చినప్పుడు తినడం. ముద్దయిపోయినా ఎవరూ పట్టించుకోరు. కిందటి వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం జపాన్‌లోని ఫుకువోకా వెళ్లినప్పుడు ఆ అలవాటు కూడా నాతోపాటే వచ్చింది.

మొదటి వారంలోనే ఒక రామెన్ షాపుకి వెళ్లాను. పది కుర్చీలు, ఒక పొడవాటి కౌంటరు, దాని వెనక ఇద్దరు వంటవాళ్లు. అంతే షాపు. గిన్నె ముందుకు రాగానే నాలుగు ఫొటోలు తీశాను. తర్వాత అమ్మకి వీడియో కాల్ చేశాను.

"అదేంట్రా, అంత తెల్లగా ఉంది? పాలా?" అంది అమ్మ.

"కాదమ్మా, సూప్" అన్నాను. ఏ ఎముకల సూపో మాత్రం చెప్పలేదు.

కాల్ అయ్యాక తినబోతే నూడుల్స్ ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి. ఏదోలా పూర్తి చేసి ఇంకాసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు ల్యాబ్‌లో ఉన్న మన తెలుగు సీనియర్‌కి గొప్పగా చెప్పాను.

"ఎంతసేపు కూర్చున్నావ్?" అన్నాడు.

"ముప్పావు గంట అన్నా."

"బయట లైన్లో నిలబడ్డవాళ్లని చూశావా?"

చూశాను. కానీ వాళ్లకీ నాకూ సంబంధం ఉందని తట్టలేదు. ఆ ప్రశ్న తర్వాత రెండు నెలలూ రామెన్ గురించి అడిగి, చదివి, తిని తెలుసుకున్నదే ఈ వ్యాసం.

గిన్నెలో ఏముంది?

రామెన్ పుట్టుకలో చైనా వంట ఉంది. యొకొహామా లాంటి రేవు పట్టణాల్లో స్థిరపడ్డ చైనా వాళ్ల గోధుమ నూడుల్స్ నుంచి ఇది వచ్చింది. 1910లో టోక్యోలోని అసాకుసాలో 'రైరైకెన్' అనే హోటల్ తెరిచాక సామాన్యులకు బాగా అలవాటైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బియ్యం కరువు, అమెరికా గోధుమ పిండి రాక దీన్ని దేశమంతా వ్యాపింపజేశాయి.

గిన్నెలో ఐదు భాగాలుంటాయి: సూప్, తారే, నూనె, నూడుల్స్, పైన వేసేవి. తారే అంటే ఉప్పదనం, రుచి ఇచ్చే చిక్కటి రసం. సోయా సాస్‌తో చేస్తే షోయు, ఉప్పుతో అయితే షియో, మిసో ముద్దతో అయితే మిసో. సాధారణంగా ముందు గిన్నెలో తారే వేసి, దాని మీద సూప్ పోస్తారు. మన భాషలో చెప్పాలంటే ఇదొక మాడ్యులర్ డిజైన్. ఏ భాగానికా భాగం విడిగా తయారై, ఆఖరి నిమిషంలో కలుస్తాయి.

ఫుకువోకాలోని హకాతా ప్రాంతం పేరు మీద ప్రసిద్ధమైంది తొన్‌కొత్సు రామెన్. పంది ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద మరిగిస్తారు. ఎముకల్లోని కొలాజెన్ జెలటిన్‌గా మారుతుంది. కొవ్వు సన్నటి బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది. ఆ బొట్లు వెలుతురును చెదరగొట్టడం వల్ల సూప్ తెల్లగా కనిపిస్తుంది. పాలు తెల్లగా ఉండటానికీ ముఖ్య కారణం ఇలాంటిదే. అంటే అమ్మ ప్రశ్న మరీ తప్పేం కాదు, రెండూ ఎమల్షన్లే!

నూడుల్స్ ఎందుకు ఆగవు?

రామెన్ నూడుల్స్ పిండిలో కన్‌సుయి అనే క్షారజలం కలుపుతారు. అందులో ముఖ్యంగా సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ ఉంటాయి. మన అప్పడాల పిండిలో క్షారం కలిపినట్టే. దానివల్ల నూడుల్స్‌కి సాగే గుణం, లేత పసుపు రంగు వస్తాయి.

హకాతా నూడుల్స్ చాలా సన్నగా ఉంటాయి. పిండిలో నీళ్లు కూడా తక్కువే కలుపుతారు. అందుకే మరిగే నీళ్లలో నిమిషంలోపే ఉడికిపోతాయి. కానీ పొడిగా ఉన్న పిండి కదా, వేడి సూప్‌లో పడ్డాక కూడా పీల్చుకుంటూనే ఉంటుంది. ఇలా నానిపోవడాన్ని జపాన్ వాళ్లు 'నొబిరు' అంటారు. సాగిపోవడం అని దాని మామూలు అర్థం. బాగుండే సమయం కొద్ది నిమిషాలే. నేను అమ్మతో మాట్లాడుతున్నంతసేపూ గిన్నెలో జరిగింది అదే.

అన్ని ఊళ్లలోనూ ఇలాగే ఉండదు. చలి ఎక్కువగా ఉండే సప్పోరోలో మిసో రామెన్‌కి లావుగా, వంకీలు తిరిగిన నూడుల్స్ వాడతారు. అవి కొంచెం ఎక్కువసేపు నిలుస్తాయి. పైన తేలే కొవ్వు పొర వేడిని ఆపుతుంది.

షాపంతా ఆ కొద్ది నిమిషాల చుట్టూనే

ఈ ఒక్క విషయం అర్థమయ్యాక షాపులో వింతగా అనిపించినవన్నీ ఒక లెక్కలోకి వచ్చాయి.

చాలా షాపుల్లో గుమ్మం దగ్గరే టికెట్ మెషిన్ ఉంటుంది. డబ్బులు వేసి, కావలసింది నొక్కితే చిన్న చీటీ వస్తుంది. బిల్లు, చిల్లర గొడవ తినకముందే అయిపోతుంది. వంటవాడి చేతులు డబ్బు ముట్టుకోనక్కర్లేదు.

చీటీ ఇవ్వగానే నూడుల్స్ ఎంత గట్టిగా కావాలో అడుగుతారు. మెత్తగా అయితే 'యావా', మామూలుగా అయితే 'ఫుత్సూ', గట్టిగా అయితే 'కాతా', ఇంకా గట్టిగా అయితే 'బరికాతా'. తినేలోపు ఎంత మెత్తబడుతుందో ముందే లెక్కవేసి చెప్పే జవాబు అది.

కౌంటరు కూడా అందుకే. వంటవాడి చేతిలోంచి గిన్నె నేరుగా మన ముందుకొస్తుంది.

తినేటప్పుడు శబ్దం చేస్తూ జుర్రుకుంటారు. ఇంట్లో నేను చారు జుర్రితే నాన్న కళ్లెర్ర చేసేవారు. ఇక్కడ అందరూ అదే పని! జుర్రినప్పుడు నూడుల్స్‌తో పాటు గాలి లోపలికి పోయి కొంచెం చల్లబడతాయి, వాసన ముక్కు వెనక్కి చేరి రుచి బాగా తెలుస్తుంది. మరిగే వేడిలో ఉన్నదాన్ని త్వరగా తినాలంటే ఇంతకన్నా మార్గం లేదు.

నాకు బాగా నచ్చింది 'కాయెదామా'. ఒక్కసారే ఎక్కువ నూడుల్స్ వేస్తే సగం తినేలోపు మిగతా సగం నానిపోతుంది. అందుకని కొంచెమే పెడతారు. అయిపోవస్తుండగా "కాయెదామా" అంటే, అప్పుడే ఉడికించిన ఇంకో వాయి నూడుల్స్ మిగిలిన సూప్‌లో వేస్తారు. దీనికి కొద్దిగా అదనపు డబ్బు ఉంటుంది. ఫుకువోకాలోని నాగహామా చేపల మార్కెట్‌లో తీరిక లేకుండా పనిచేసేవాళ్ల కోసం ఈ పద్ధతి మొదలైందని అక్కడ చెబుతారు. కాకపోతే సూప్ అంతా ముందే తాగేయకూడదు.

టేబుల్ మీద ఎర్రటి అల్లం, నువ్వులు, కారం కలిపిన ఆవాకు ఊరగాయ ఉంటాయి. ఊరగాయ చూడగానే ఆంధ్రావాడి చెయ్యి ఆగుతుందా? కానీ ముందు సూప్ రుచి చూసి, తర్వాతే అది వేసుకోవడం మర్యాద.

ఒక చిన్న లెక్క

పది కుర్చీలు. మనిషికి పదిహేను నిమిషాలు అనుకుంటే గంటకి నలభై మంది తినొచ్చు. నేను నలభై ఐదు నిమిషాలు కూర్చున్నాను. అంటే నాతో పాటు ఇంకో ఇద్దరి వంతు కూడా నేనే తీసుకున్నాను.

రామెన్ మామూలు మనుషుల తిండి. గిన్నె ధర వెయ్యి యెన్‌లు దాటితే జనం వెనకాడతారని షాపులవాళ్ల భయం. దాన్ని 'వెయ్యి యెన్‌ల గోడ' అంటారు. ధర పెంచలేని షాపు బతికేది కుర్చీలు త్వరగా ఖాళీ అవడం మీదే. నేను పట్టుకు కూర్చుంది వాళ్ల జీవనాధారాన్ని.

శాకాహారులకు ఒక జాగ్రత్త. పైన కూరగాయలు మాత్రమే కనిపించినా సూప్ సాధారణంగా ఎముకలతోనో చేపతోనో చేసిందే. మాంసం ముక్కలు తీసేయమన్నంత మాత్రాన అది శాకాహారం అవదు. పూర్తిగా కూరగాయలతో చేసే షాపులు విడిగా ఉన్నాయి, వెతుక్కోవాలి.

మళ్లీ అదే షాపు

తిరిగి వచ్చే ముందు అదే షాపుకి వెళ్లాను. ఫోన్ బ్యాగులో పెట్టాను. "కాతా" అన్నాను. జుర్రాను. ఒక కాయెదామా కూడా తిన్నాను. గిన్నె ఎత్తి కౌంటరు పైమెట్టు మీద పెట్టి, అక్కడున్న గుడ్డతో నా ముందు తుడిచి, "గొచిసోసమా దేష్తా" అన్నాను. తిన్నాక చెప్పే కృతజ్ఞత అది. అందులోని 'చిసో' అనే మాటను రాసే రెండు అక్షరాలకీ పరుగెత్తడమనే అర్థం. అతిథి కోసం సరుకులు తేవడానికి అటూ ఇటూ పరుగులు పెట్టినవాళ్లకి దండం అన్నమాట. మన 'అన్నదాతా సుఖీభవ' గుర్తొచ్చింది. వంటాయన తలెత్తి గట్టిగా "అరిగతో గొజాయిమాసు" అన్నాడు. టైమ్ చూస్తే పద్నాలుగు నిమిషాలు.

ఇప్పుడు మన మెస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి చూడండి. పళ్లెం పట్టుకుని చోటు కోసం నిలబడ్డ జూనియర్లు ఒకవైపు, తినేసి ఫోన్ చూసుకుంటున్న మనం ఇంకోవైపు. వాళ్లు కూడా ఏమీ అనరు. నేను మాత్రం ఈ మధ్య చెయ్యి కడుక్కోగానే లేస్తున్నాను.