అయస్కాంతం - చింతగింజలు

అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో వైద్యం చేసి ఇంటికి పంపారు. మూడు నెలలైంది. చెయ్యి లేవటం లేదు.

పక్కింటి వదిన ఒక మాట చెప్పింది. "పట్నంలో తలకు అయస్కాంతం పెడతారట. చెయ్యి లేస్తుందట!"

కోడలికి ఆశ పుట్టింది. గేదెను అమ్ముదామనుకుంది. ముందు సర్కారు ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మను అడిగింది.

డాక్టరమ్మ ఇలా చెప్పింది.

"జబ్బు చేతిలో లేదమ్మా, మెదడులో ఉంది. మెదడు ఎడమ భాగం కుడి చేతిని నడిపిస్తుంది. అక్కడ రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా చెయ్యి పడిపోతుంది. చచ్చిపోయిన కణాలు మళ్ళీ బతకవు. కాని మిగిలిన మెదడు ఆ పని కొంత నేర్చుకోగలదు. పెద్దయ్యాక నువ్వు అక్షరాలు నేర్వలేదా? అలాగే."

"మరి ఆ అయస్కాంతం ఏంటండీ?"

"అది మాయ కాదు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఆంథోనీ బార్కర్, ఆయన తోటివారు ఆ యంత్రం తయారు చేశారు. తీగచుట్టను తల మీద పెడతారు. అందులో కరెంటు పారితే అయస్కాంత శక్తి పుడుతుంది. అది పుర్రె దాటి మెదడును తడుతుంది. కోత లేదు, కుట్లు లేవు."

"అయితే మంచిదేగా?"

"విను. అమెరికాలో 199 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అసలు యంత్రం పెట్టారు. రెండో జట్టుకు ఉత్తుత్తి యంత్రం పెట్టారు. ఎవరికి ఏది పెట్టారో రోగులకు చెప్పలేదు. చేతి వ్యాయామం అందరిచేతా చేయించారు. 2018లో ఫలితం అచ్చయింది. మొదటి జట్టులో నూటికి 67 మందికి చెయ్యి మెరుగైంది. రెండో జట్టులో నూటికి 65 మందికి."

కోడలు లెక్క వేసింది. "రెండే తేడా!"

"అవును. వేరే పరీక్షల్లో కొన్నింట మేలు కనబడింది. పరిశోధన సాగుతోంది. అంతవరకు గేదెను అమ్మకు. వ్యాయామం మానకు. బి.పి. మాత్రలు మానకు."

ఆ రోజు నుంచి కోడలు పళ్ళెంలో చింతగింజలు పోసి అత్త ముందు పెట్టేది. అత్త కుడి చేత్తో ఒక్కొక్కటి తీయబోయేది. గింజ జారిపోయేది. అత్త విసుక్కునేది. కోడలు మళ్ళీ పెట్టేది.

నెల తిరిగింది. ఒక గింజ వేళ్ళ మధ్య నిలిచింది.

"ఇంకోటి తియ్యి అత్తా!" అంది కోడలు.

ఆలోచించండి:
1. రెండో జట్టుకు ఉత్తుత్తి యంత్రం ఎందుకు పెట్టారు?
2. రెండు జట్లూ చేసిన పని ఏమిటి?