“రెవరెండ్” అను మాట – దాని అర్థము, వాడుక

చదువవలసిన భాగములు: కీర్తన 111:9; మత్తయి 23:5–12; 1 థెస్సలొనీకయులకు 5:12–13; 1 పేతురు 5:1–4



మన పల్లె సంఘములలో పెరిగిన పిల్లలు అనేకులు నేడు హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో ఉద్యోగములు చేయుచున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ రాళ్లగుట్టల నేల హైటెక్ సిటీగా పెరిగెను. అక్కడి కంపెనీలలో చిన్నవాడు సహితము పైఅధికారిని పేరు పెట్టి పిలుచుట వాడుక. ఆదివారమున ఆరాధనకు పోవుచోట మాత్రము “రెవరెండ్” అని పెద్ద అక్షరముల బోర్డులు చూతురు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు “అయ్యగారూ, రెవరెండ్ అనగా ఏమి?” అని మమ్మును అడుగుచున్నారు. ఇది అడుగదగిన ప్రశ్నయే.

లాటిను భాషలో “రెవరెండుస్” అనగా గౌరవింపదగినవాడు అని అర్థము. ఆ మాటయే ఇంగ్లీషులోనికి వచ్చెను. అది పేరు కాదు, ఉద్యోగమును కాదు. మనము “పూజ్యులైన” అని వ్రాయునట్టి విశేషణము. కావున పాత ఇంగ్లీషు మర్యాద ప్రకారము ఇతరులు పూర్తి పేరునకు ముందు దానిని వ్రాయుదురేగాని, ఎదుట నిలిచి “రెవరెండ్” అని ఒంటిగా పిలువరు. బోధకుడు తన సంతకములో తానే దానిని పెట్టుకొనడు. “నేను పూజ్యుడను” అని ఎవడైనను చెప్పుకొనునా? బిషపుగారిని “రైట్ రెవరెండ్” అనియు, సి.ఎస్.ఐ. మోడరేటరుగారిని “మోస్ట్ రెవరెండ్” అనియు వ్రాయుదురు. ఇందులో స్త్రీపురుష భేదము లేదు. 2013లో నంద్యాల డయాసిస్‌కు బిషపుగా అభిషేకము పొందిన పుష్ప లలితగారు సి.ఎస్.ఐ.లో మొదటి స్త్రీ బిషపు. ఆమెకును అదే మాట చెల్లెను.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ మాట ఒక్కచోటనే, 111వ కీర్తన 9వ వచనములో, ఉన్నది. అచ్చట అది మనుష్యుని గూర్చినది కాదు, దేవుని నామమును గూర్చినది. దీనిని మరువకూడదు.

ఈ మాట కొరకు ఇంగ్లండులో ఒక వ్యాజ్యము నడిచెను. లింకన్‌షైరులోని ఓస్టన్ ఫెర్రీ అను ఊరిలో హెన్రీ కీట్ అను వెస్లియన్ బోధకుని కుమార్తె చనిపోయెను. సమాధిరాతి మీద తన పేరునకు ముందు “రెవరెండ్” అని చెక్కించవలెనని తండ్రి కోరెను. ఆ మాట ప్రభుత్వ సంఘపు గురువులకే చెల్లునని ఆ ఊరి గురువు అడ్డుచెప్పెను. తగవు ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. అది ఉద్యోగపు బిరుదు కాదు, గౌరవము తెలుపు మాట మాత్రమే, దాని మీద ఏ ఒక్కరికిని ప్రత్యేక హక్కు లేదని 1876లో తీర్పు వచ్చెను. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి ఒక్క మాట కొరకు కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చెను! బిరుదు మీది పట్టుదల దుఃఖములోనున్న వానిని కూడ కనికరింపదు.

ఆ వెస్లియన్ సంఘమువారే మన మెదకు సీమలో సేవ చేసిరి. పాస్నెట్ దొరగారు కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవుకాలమున ఆ కట్టడపు పనిలో పల్లెవారికి కూడు దొరికెనని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఆయన పేరునకు ముందున్న మాటను ఎవరు తలంచుచున్నారు? ఆ కూటినే తలంచుచున్నారు.

సంతవీధులలో వందనములను, బోధకుడని పిలువబడుటను కోరువారిని మన ప్రభువు గద్దించెను. పేతురు పెద్దలకు వ్రాయునప్పుడు తానును తోటి పెద్దననియే చెప్పుకొనెను. అయితే గౌరవమే వలదని దీని భావము కాదు. ప్రయాసపడువారిని వారి పనినిబట్టి ఘనముగా ఎంచుమని పౌలు థెస్సలొనీక సంఘమునకు బోధించెను. గౌరవము సంఘము ఇచ్చునది. సేవకుడు తీసికొనునది కాదు.

ఇందువలన రెండు సంగతులు నేర్చుకొందము. మొదటిది, గురుపట్టము లేని సువార్తికుని, ఇంటింటికి తిరుగు బైబిలు స్త్రీని, పేరునకు ముందు ఆ మాట లేదని తక్కువచేయవద్దు. వానలో మూడు ఊళ్లు నడిచి రోగియొద్ద ప్రార్థించిన వారికి ఆ మాట అర్థము ముందే చెల్లినది. రెండవది, నగరములోనున్న మన బిడ్డలకు ఇట్లు చెప్పుదము: బోర్డు ఎవడైనను వ్రాయించుకొనవచ్చును. కావున ఆయనకు గురుపట్టము ఇచ్చిన సంఘము ఏది, కానుకల లెక్క ఎవరికి చూపును, మీరు ఆసుపత్రిలోనున్న రాత్రి వచ్చునా అని విచారించుడి.

మమ్మును ఏమని పిలువవలెననగా, “అయ్యగారు” అనుట చాలును. అందులో ప్రేమయున్నది, మర్యాదయున్నది. పూజింపదగిన నామము మాత్రము ఒక్కటే. దానిని ఆయనకే ఉంచుదము.

తరగతిలో ఆలోచించుటకు: మన సంఘములో బిరుదు లేక ప్రయాసపడుచున్నవారు ఎవరు? ఈ నెలలో వారిని మనము ఏవిధముగా ఘనపరచెదము?