నల్లేరు పెంపకము

చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు నల్లేరును ఎరుగని రైతు లేడు. దానిని నాటి పెంచిన రైతు మాత్రము అరుదు. కంచెలమీదను, బావిగట్ల రాళ్లకుప్పలమీదను తనంతట ప్రాకు తీగయగుటచే దీనికి వేరే సేద్యమేమని తలంతురు. నల్లేరుమీద బండినడక యను సామెత దీని కాడ మెత్తదనమును బట్టియే పుట్టినది. అయినను కూరకును, మందునకును పనికివచ్చు ఈ తీగను పెరటికంచెపై నిలుపుకొనుటకు కొన్ని మెలకువలు కలవు.

సంస్కృతమున దీనికి వజ్రవల్లి, అస్థిసంహారి యని పేర్లు. ఇది ద్రాక్షకుటుంబమునకు చేరినది. కాడ నాలుగు పలకలుగా నుండి, కణుపులకడ నొక్కినట్లుండును. ఆకులు కొద్ది, అవియు త్వరలో రాలును. కనుక ఆకు చేయవలసిన పనిని కాడయే చేయును. కాడపైనున్న సూక్ష్మరంధ్రములు రాత్రివేళ తెరచుకొని గాలిని గ్రహించి, పగటియెండలో మూసికొనును. ఇట్లు నీరు పొదుపగుటచేతనే మదనపల్లె, పుంగనూరు మెట్టలలో ఇతర తీగలు మాడు వేసవియందును ఇది నిలుచును.

విత్తనముకంటె కాడముక్క నాటుటయే సులభము. ముదురుకాడను రెండు మూడు కణుపులుండునట్లు కోసి, నీడలో రెండు దినములు ఆరబెట్టవలెను. కోతగాయము ఆరకమునుపే తడినేలలో పెట్టినయెడల ముక్క కుళ్లును. ఈ తీగ చచ్చుట ఎండచేత గాదు, నిలువనీటిచేతనే. ఒక కణుపు మన్నులోనుండునట్లు తొలకరిలో, అనగా జూన్, జూలై నెలలలో నాటినచో, అక్టోబరు మొదలు వచ్చు ఈశాన్యపు వానలలోపల వేరూనును. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపున ఆ వానలు అధికము గనుక అచ్చట గట్టుమీదనే నాటవలయును. ఎర్రనేల, గరుసునేల తగును. చివికిన పెంటయెరువు కొద్దిగా వేసిన చాలును.

కంచెవిషయమున ఒక మాట. 1926లో సింహళమునుండి తెచ్చిన కొచినీలు పురుగు దక్షిణదేశమున నాగజెముడును విస్తారముగా నాశనము చేసినది. బీడులు బాగుపడినవి, కాని బీటిలో బలిసినదేదో, కంచెగా నాటినదేదో పురుగు ఎరుగదు గదా! ఆ నాగజెముడు స్థానమున నల్లేరును మాత్రమే నమ్ముకొనరాదు. దీనికి ముండ్లు లేవు. పశువు త్రోసికొని పోవును. కిత్తనారకంచె వేసి దానిపై ప్రాకించుట యుక్తము. లేత మామిడిమొక్కలపై మాత్రము ప్రాకనీయరాదు. గుబురుగా కప్పి వెలుతురు తగులనీయదు.

కూరకు కొనలనున్న లేతకణుపులనే కోయవలెను. కాడలో సూదులవంటి స్ఫటికములుండుటచే చేతులును, నోరును దురదపెట్టును. చేతులకు నూనె రాచుకొని, పలకల అంచుల నారతీసి, నూనెలో బాగుగా వేయించి, చింతపండు చేర్చి నూరిన పచ్చడి రుచికరముగా నుండును. తమిళులు పిరండై యని పిలిచి అప్పడములందును చేర్తురు. పచ్చికాడను తినరాదు. బొంతజెముడును చూచి నల్లేరని భ్రమింపరాదు. జెముడుకాడ గిల్లిన పాలు కారును. ఆ పాలు కంటికి హానికరము. నల్లేరున పాలుండవు, నులితీగలుండును.

విరిగిన ఎముకకు నల్లేరు కట్టుట పూర్వాచారము. 1960 దశకమున ఉడుప, ప్రసాదు అను వైద్యపండితులు దీనిని పరీక్షించి, ఎముక అతుకుట త్వరపడునని ప్రకటించిరి. అయితే తొలగిన ఎముకను యథాస్థానమునకు తెచ్చుట ఏ పసరుచేతను కాదు. దుక్కియెద్దు కాలు విరిగినచో పసరుకట్టు కట్టి వారములు వేచియున్నవారు, వంకరగా అతికిన కాలితో ఆ యెద్దును కాడికి పనికిరాకుండ చేసికొందురు. మొదట బద్దలు కట్టి కదలకుండ నిలిపి, పశువైద్యుని పిలిపింపవలెను. కట్టు బిగువై గిట్టపైభాగము వాచినను, చల్లబడినను తత్‌క్షణమే సడలింపవలెను.